అగ్గువ పేరు

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల పక్కన
గోనెపట్టా పరుచుకుని పార్సిళ్లు కుడతాడు పెంటయ్య.
దబ్బనం, మైనం పట్టిన దారం,
చిన్న కుంపటి మీద సత్తుగిన్నెలో కరుగుతున్న లక్క.
ఆ వాసనకి నాకు తుమ్ములొస్తాయి. ఆయనకి రావు.

నేను పాత గడియారాలు బాగుచేసి ఫోన్లో అమ్ముతాను.
సుల్తాన్ బజార్ సందులో, చీరల గోదాము పైన,
ఒక కిటికీ, ఒక బల్ల, కంటికి తగిలించుకునే భూతద్దం.
కొనేవాళ్లెవరూ ఆ మెట్లెక్కి రారు.
భుజ్ నుంచి ఒకరు, జోర్హాట్ నుంచి ఒకరు,
ముఖాలు తెలియని మణికట్లు.

పోయిన వానాకాలం ఒకటి పోయింది.
తెల్ల డయలు, నీలం ముళ్లు, మూడు వారాల పని.
ఫారం మీద 'పాత సామాను, రెండు వందలు' అని రాశాను.
ఖరీదు రాస్తే కళ్లు పడతాయని నా తెలివి.
బీమా డబ్బులు మిగిలాయని
ఆ సాయంత్రం చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా తిన్నాను.
నాగపూర్ దాకా పోయి ఆగిపోయింది గడియారం.
ఆగదని ప్రకటనలో నేనే రాశాను.
అర్జీ పెడితే, రెండు వందలదేగా అమ్మా, అన్నారు.
నా అబద్ధాన్ని నమ్మారు, వాళ్ల తప్పేముంది.
కొన్నాయనకి పదకొండు వేలు వాపసిచ్చాను.
అయినా ఒక్క నక్షత్రం పెట్టి పోయాడు.

ఇవాళ చేతిలో ఉన్నది జేబు గడియారం.
మూత వెనక ఎవరివో ఉర్దూ పొడి అక్షరాలు.
మలక్‌పేట నుంచి ఒక రైలు గార్డు కూతురు
అమ్మిపెట్టమని తెచ్చింది.
"నాయిన రోజు తొమ్మిదింటికి చావి ఇచ్చేటోడు.
ఇప్పుడు తొమ్మిదైతె ఏం జెయ్యాల్నో మాకు తెలుస్తలేదు."

కౌంటర్లో విశాలాక్షి మేడం ఫారం ఇటు తోసింది: "విలువ?"
కలం ఆగింది.
అలవాటుపడ్డ చెయ్యి, రెండు వందల వైపే పోతుంది.

బయటికొచ్చి పెంటయ్యని అడిగాను:
ఇన్ని ముద్రలేస్తే దొంగకి చాటింపు వేసినట్టు కాదా?

ఆయన దారం పళ్లతో తెంపాడు.
"నాకీ పేరెట్ల వచ్చిందో ఎరుకేనా?
నాకంటె ముందు ముగ్గురు పోయిన్రు.
నేను పుట్టంగనే మా అవ్వ పెంట మీద పండవెట్టి
పక్కింటామెకు ఇచ్చి, చాటెడు తవుడు వోసి మళ్ల కొన్నది.
అగ్గువ పేరు వెడితె మిత్తి ఇటు సూడదని.
నిజమే, మిత్తి సూడలే.
బడిల సారు సూడలే. రేషన్ కార్డోడు సూడలే.
లారీ గుద్దితె దవఖానల సుత ఎవ్వడు సూడలే."
పంచె కొంచెం ఎత్తి మోకాలి వంకర చూపించాడు.
"రాయి బిడ్డా. ఉన్నదంత రాయి."

రాశాను. అంకెల్లో పద్దెనిమిది వేల అయిదు వందలు,
మళ్లీ అక్షరాలా, చివర 'మాత్రమే' అని.
ఆ మాత్రమే దగ్గర కాసేపు నిలబడిపోయాను.
వెనక లైనులో ఎవరో గొంతు సవరించుకున్నారు.

ముద్రకి రూపాయి బిళ్ల పనికిరాదట, సొంత గుర్తు కావాలట.
సంచి అడుగున అరిగిన పళ్లచక్రం ఒకటి దొరికింది.
కుట్టు కుట్టుకీ వేడి లక్క, లక్క మీద చక్రం.
పదకొండు ఎర్ర బిళ్లలు. మూడింటికి ఒక పన్ను తక్కువ,
నా చెయ్యి వణికింది.

తొమ్మిదో రోజు భుజ్ నుంచి మెసేజి:
'అందింది. రోజుకి రెండు నిమిషాలు వెనక నడుస్తోంది.
లక్క పెంకులు మా పాప దాచుకుంది.'
బీమా కట్టిన డబ్బు దేనికీ పనికిరాలేదు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

మర్నాడు చెబుదామని పోతే
దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ
తలెత్తకుండానే అన్నాడు పెంటయ్య:
"లక్క పిరమైంది. ఈసారికెల్లి పది ఎక్కువ."